ఒప్పించడం ఎలా: అపార్ట్‌మెంటు సమావేశం నుంచి అర్జీ దాకా ఒక సమగ్ర మార్గదర్శి

"నేను చెప్పేది నిజమే, అందరికీ మేలు చేసేదే, అయినా ఎవరూ వినడం లేదు. ఎలా చెప్పాలి?" అన్న ప్రశ్న కొంతకాలంగా నాకు తరచూ వస్తోంది. విశాఖపట్నంలోని ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు పార్కింగు తగాదా గురించి అడిగారు. గాజువాక నుంచి మరొకరు వీధి కాలువ గురించి అడిగారు. వేరే ఊళ్ళో ఉద్యోగానికి తండ్రిని ఒప్పించలేకపోతున్నానని ఒక అమ్మాయి రాసింది. ముగ్గురికీ విడివిడిగా జవాబు రాసే బదులు, ఆచరణలో పెట్టదగిన పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను.

మొదట నాలుగు మాటలు తెలిస్తే మిగిలినదంతా సులువుగా సాగుతుంది. గ్రీకుల వక్తృత్వ శాస్త్రంలో చెప్పేవారి మీద కలిగే నమ్మకాన్ని ఎథోస్ అని, వినేవారిలో కలిగే భావాన్ని పాథోస్ అని, చెప్పిన విషయంలోని హేతువును లోగోస్ అని అంటారు. సరైన అదను చూసి మాట్లాడటం కైరోస్. ఇకపై వీటిని నమ్మకం, భావం, హేతువు, అదను అనే పిలుస్తాను.

నేను బోల్తా పడిన సంగతి కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా అందులోంచి వచ్చినవే. మా భవనం సముద్రానికి దగ్గరలో ఉంది. ఉప్పు గాలి, తేమ కాంక్రీటులోకి దిగి లోపలి ఊచలకు తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. ఆ తరువాత పెచ్చులు రాలడం విశాఖలో తీరం పక్కన ఉండేవారందరూ చూసినదే. మెట్ల దగ్గరి బీముల మరమ్మతుకు ఫ్లాటుకు 18,000 రూపాయల చొప్పున వసూలు చేయాలని సంఘం కార్యదర్శిగా నేను ప్రతిపాదించి, నలభై నిమిషాలు ఫొటోలతో సహా తుప్పు శాస్త్రమంతా వివరించాను. అందరూ తలలు ఊపారు. ఓటింగు పెడితే 24 ఫ్లాట్లకు గాను ఏడు చేతులే లేచాయి.

1. వివాదం ఎక్కడుందో ముందుగా కనుక్కోండి

చాలామంది ఈ మెట్టును వదిలేసి నేరుగా వాదన తయారు చేసుకుంటారు. నేను చేసిన తప్పూ అదే. ఆ రోజు సమావేశం ముగిసి కిందికి దిగుతూంటే మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, "బీము పాడైపోలేదని ఎవరన్నారు బాబూ? మొన్న రంగులేయించిన లెక్కేదీ?" అని అడిగారు. ఎవరూ కాదనని విషయాన్ని నలభై నిమిషాలు నిరూపించి, అందరి మనసులో ఉన్న సందేహాన్ని నేను తాకనే లేదని అప్పుడు అర్థమైంది.

ప్రాచీన గ్రీకు వక్తృత్వ శాస్త్రవేత్త హెర్మాగొరస్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఒకటుంది. ఏ వివాదమైనా నాలుగు ప్రశ్నలలో ఒకదాని దగ్గర ఆగి ఉంటుందని, అది ఏ ప్రశ్నో తెలుసుకున్నాకే వాదన మొదలుపెట్టాలని దాని సారాంశం. మా బీముకు వాటిని వర్తింపజేస్తే ఇలా ఉంటుంది.

- జరిగిందా, లేదా? బీములో ఊచలు నిజంగా తుప్పు పట్టాయా?
- జరిగినదాన్ని ఏమనాలి? అది పైపూత పగులా, నిర్మాణానికే వచ్చిన దెబ్బా?
- దాని తీవ్రత ఎంత? ఇప్పుడే చేయించాలా, ఏడాది ఆగవచ్చా?
- తేల్చవలసిన చోటు ఇదేనా? దీన్ని సంఘం నిర్ణయించాలా, బిల్డరు భరించాలా?

వీటికి నా అనుభవం కొద్దీ ఐదో ప్రశ్నను చేరుస్తున్నాను: ఎవరి చేతుల మీదుగా? డబ్బుతో ముడిపడిన ప్రతి సమావేశంలోనూ పైకి మూడో ప్రశ్న వినిపిస్తుంది, లోపల ఐదోది నడుస్తూ ఉంటుంది. "ఇప్పుడంత తొందరేముంది?" అన్నవారిలో సగం మంది నిజానికి "నీ చేతికి డబ్బు ఎందుకివ్వాలి?" అని అడుగుతున్నారు, మర్యాద కొద్దీ పైకి అనడం లేదు.

అసలు ప్రశ్న కనుక్కోవాలంటే సమావేశానికి వారం ముందే ఒక్కొక్కరినీ విడిగా కలవాలి. ఒప్పించడానికి వెళ్ళకండి, అడగడానికి వెళ్ళండి. "ఈ పని చేయిస్తే మీకు ఏ ఇబ్బంది ఉంటుందండీ?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. మొదట వచ్చే జవాబు మర్యాద, రెండోది సాకు, అసలు సంగతి మూడోసారికి గానీ బయటపడదు. ఇంటికి రాగానే వారి మాటలను వారన్నట్టుగానే రాసుకోండి. మీ మాటల్లోకి మార్చి రాస్తే పనికొచ్చే సమాచారం సగం అక్కడే పోతుంది.

2. నిర్ణయించేది ఎవరో, ఏ కాలం గురించో రాసుకోండి

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ప్రసంగాలను మూడు రకాలుగా విభజించాడు. జరిగిపోయిన దానిలో న్యాయాన్యాయాలు తేల్చేది ఒకటి, జరగబోయే దానిలో లాభనష్టాలు చూసేది ఒకటి, ప్రస్తుతాన్ని మెచ్చుకునేది లేదా నిందించేది మూడోది. ఈ విభజన వల్ల పెద్ద ఉపయోగమే ఉంది. రేపటి పని గురించి పెట్టుకున్న సమావేశం నిన్నటి తప్పు ఎవరిదన్న తగువులోకి జారిపోతే ఆ రోజు నిర్ణయం జరగదు. అందుచేత కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఎవరు, ఏ తేదీలోగా, ఏమి చేయాలని నేను కోరుతున్నాను? ఆ వాక్యం రాయలేకపోతే సమావేశం వాయిదా వేసుకోవడమే మేలు.

అక్కడ కూర్చునేవారిలో నిర్ణయించగలిగేవారు ఎవరో కూడా చూసుకోండి. మా భవనంలో ఐదు ఫ్లాట్ల యజమానులు వేరే ఊళ్ళలోనో విదేశాల్లోనో ఉంటారు. వారి ఇళ్ళలో అద్దెకున్నవారు ఎంత శ్రద్ధగా విన్నా చెయ్యి ఎత్తలేరు.

3. నమ్మకాన్ని సమావేశానికి ముందే కూడబెట్టండి

నమ్మకం వక్త మాటలోంచే పుట్టాలి గాని అతని మీద ముందే ఉన్న అభిప్రాయం నుంచి కాదని అరిస్టాటిల్ అన్నాడు. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. ఒకే లిఫ్టులో పదేళ్ళుగా ఎదురుపడుతున్నవారు మిమ్మల్ని మీ ప్రసంగాన్ని బట్టి అంచనా వేయరు. వాచ్‌మన్‌కు జీతం ఏ తేదీన ఇచ్చారు, మోటారు పాడైన రోజు ఫోను ఎత్తారా లేదా అన్నవి వారికి గుర్తుంటాయి.

అయితే నమ్మకంలో మూడు పాళ్ళు ఉంటాయని ఆయన చేసిన విభజన మాత్రం చాలా పనికొస్తుంది. అవి వివేకం, సత్ప్రవర్తన, వినేవారి మేలు కోరడం. వీటిలో ఏది తగ్గినా మాట తేలిపోతుంది. తెలిసినవాడే గాని నిజం చెప్పడనిపించవచ్చు, మంచివాడే గాని విషయం తెలియదనిపించవచ్చు, రెండూ ఉన్నా మన మేలు కోరడనిపించవచ్చు. మన న్యాయశాస్త్రంలో (చట్టం కాదు, ప్రాచీన భారతీయ తర్కశాస్త్రం) ఆప్తుడికి, అంటే మాట నమ్మదగినవాడికి, చెప్పిన లక్షణం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: విషయాన్ని స్వయంగా ఎరిగినవాడై, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలని కోరేవాడు ఆప్తుడు.

మూడింటినీ ఆచరణలో పెట్టడం ఇలా.

వివేకం కనబడాలంటే మీకు తెలిసినదానికి హద్దు మీరే చెప్పాలి. "రెండు బీములను ఇంజినీరు సుత్తితో తట్టి చూశారు, మూడోదాన్ని ఇంకా చూడలేదు" అన్న వాక్యం "భవనం మొత్తం ప్రమాదంలో ఉంది" అన్నదాని కన్నా ఎంతో బలమైనది.

సత్ప్రవర్తన కనబడాలంటే మీకు నష్టం కలిగించే నిజాన్ని మీరే ముందుగా బయటపెట్టాలి. రెండో సమావేశానికి ఆరు రోజుల ముందు నేను రంగుల ఖర్చు పద్దు మొత్తం రాసి లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటించాను. అందులో 3,200 రూపాయలకు బిల్లు లేదు. ఆ వరుస కింద ఎర్ర సిరాతో "ఈ బిల్లు నేను తీసుకోలేదు, తప్పు నాది" అని రాశాను. తప్పు ఒప్పుకున్నవారి మీద కోపం చల్లారుతుందని, బుకాయించేవారి మీద పెరుగుతుందని అరిస్టాటిల్ కోపం గురించి చెప్పిన మాట నిజమేనని ఆ రెండు మూడు రోజుల్లో లిఫ్టు దగ్గర నాకు తెలిసింది. అంతకుముందు నన్ను చూసి తల తిప్పుకునే ఒకావిడ ఆగి, "ఆ బిల్లు హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇప్పటికీ ఇస్తారేమోనండి" అన్నారు.

వినేవారి మేలు కోరుతున్నట్టు కనబడాలంటే వారికి పడే భారాన్ని వారికన్నా ముందు మీరే పేరు పెట్టి చెప్పాలి. పింఛను మీద బతికేవారికి ఒకేసారి 18,000 రూపాయలు కష్టమని నేనే అని, ఆరేసి వేల చొప్పున మూడు వాయిదాలు ప్రతిపాదించాను.

ఇంకొక ఉపాయం. మిమ్మల్ని గట్టిగా శంకించే మనిషినే లెక్కలు చూసే బాధ్యతలోకి రమ్మని ముందే అడగండి. ఇది వారి నోరు మూయించడానికి చేసే పని అయితే వారికి వెంటనే తెలిసిపోతుంది. నిజంగానే చెక్కు మీద రెండో సంతకం వారిదిగా పెడితే తప్ప అడగవద్దు. మా దగ్గర ఆ సంతకం మాస్టారిది.

4. హేతువును ఐదు మెట్లలో కట్టి, తరువాత కుదించండి

న్యాయశాస్త్రంలోని పంచావయవ వాక్యం వాదన తయారు చేసుకోవడానికి నాకు తెలిసినంతలో అత్యంత సులువైన అచ్చు. ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు (దానికి కారణం), ఉదాహరణ, ఉపనయం (ఉదాహరణను మన విషయానికి అన్వయించడం), నిగమనం (తేలిన ముగింపు) అనే ఐదు భాగాలను ఐదు వాక్యాలుగా రాసుకోండి.

- ప్రతిజ్ఞ: మెట్ల దగ్గరి బీములను వానలకు ముందే బాగు చేయించాలి.
- హేతువు: వాటిలోని ఊచలు తుప్పు పట్టి, కాంక్రీటు పగిలి ఉన్నాయి.
- ఉదాహరణ: ఊచ తుప్పు పట్టి కాంక్రీటు పగిలిన చోట వాన నీరు లోపలికి చేరి తుప్పును ఇంకా పెంచుతుంది. మన నీళ్ళ ట్యాంకు కింది బీము విషయంలో రెండు వానాకాలాలు ఆగి, అదే జరగడం చూశాం.
- ఉపనయం: మెట్ల బీములో ఇప్పుడు ఉన్నది ట్యాంకు బీములో మొదట కనబడిన పగులు లాంటిదే.
- నిగమనం: కాబట్టి వానలకు ముందే బాగు చేయించాలి.

ఇది తయారీ కోసమే. సభలో ఐదూ అప్పజెబితే పాఠం చెబుతున్నట్టు ఉంటుంది. వినేవారికి ముందే తెలిసిన మెట్టును వదిలేయండి, దాన్ని వారే పూరించుకుంటారు. తాము పూరించుకున్న మాటను మనిషి తన మాటగా తలుస్తాడు. మా సమావేశంలో నేను చివరకు చెప్పినది ఇంతే: "మెట్ల బీము ఇప్పుడు, ట్యాంకు బీము మూడేళ్ళ కిందట ఎలా ఉందో అలా ఉంది." మిగతా నాలుగు వాక్యాలూ కుర్చీల్లో కూర్చున్నవారే పూర్తి చేసుకున్నారు.

హేతువు గట్టిదా కాదా అన్నది పరీక్షించడానికి హేత్వాభాసాలలో, అంటే హేతువులా కనబడే తప్పుడు హేతువులలో, మొదటిదైన సవ్యభిచారం ఒక్కటి గుర్తుంటే చాలు. అటూ ఇటూ పోయే హేతువు అన్నమాట. "భవనానికి ఇరవై ఏళ్ళు నిండాయి, అందుకే బలహీనపడింది" అంటే అది సవ్యభిచారమే, ఎందుకంటే ఇరవై ఏళ్ళు నిండీ దృఢంగా ఉన్న భవనాలు అదే వీధిలో ఉంటాయి. ఎవరో ఒకరు వాటిని వేలు పెట్టి చూపిస్తారు. అప్పుడు మీ మిగతా మంచి హేతువులు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి.

ఉదాహరణలను ఎక్కడ పెట్టాలన్నదానికి అరిస్టాటిల్ చెప్పిన సూత్రం చిన్నదైనా అమూల్యమైనది. ఉదాహరణలతో మొదలుపెడితే చాలా కావాలి. హేతువు చెప్పి చివర పెడితే ఒక్కటి చాలు, అది సాక్షిలా నిలబడుతుంది. సామెతల గురించి కూడా ఆయన ఒక హెచ్చరిక చేశాడు: అవి వయసు మళ్ళినవారి నోట, వారికి అనుభవం ఉన్న విషయంలోనే అందంగా ఉంటాయి. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు పెద్దల సభలో నిలబడి "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అంటే నవ్వే మిగులుతుంది.

అంకెలు మూడుకు మించనీయకండి. మొత్తం 4,32,000 రూపాయలు, ఫ్లాటుకు 18,000 రూపాయలు, వాయిదాకు 6,000 రూపాయలు. మిగిలిన అంకెలన్నీ చేతికిచ్చే కాగితంలో ఉండాలి.

5. భావాన్ని దగ్గరి వస్తువుతో కలిగించండి

భయం మనిషిని ఆలోచింపజేస్తుంది, కానీ తప్పించుకునే దారి కొంతైనా కనబడినప్పుడే. ఏ ఆశా లేనివాడు ఆలోచించడం మానేస్తాడు. ఈ మాట కూడా అరిస్టాటిల్‌దే. నా మొదటి సమావేశంలో నేను చూపిన ఫొటోలలో పొరుగు రాష్ట్రాలలో కూలిపోయిన భవనాలున్నాయి. వాటిని చూసినవారు బీము బాగు చేయించాలని అనుకోలేదు, ఫ్లాటు అమ్మేయాలని అనుకున్నారు. ఒకాయన ఆ మాట పైకే అన్నాడు.

రెండోసారి ఫొటోలు తీసుకెళ్ళలేదు. అరచేతి వెడల్పున్న పెచ్చు ఒకటి మెట్ల మీద రాలితే దాన్ని పాలిథీన్ సంచిలో దాచి ఉంచాను, దాన్నే బల్ల మీద పెట్టాను. దాని లోపలి వైపు ఊచ ఉన్న మేర ఎర్రటి గాడి ఉంది. చేతులు మారుతూ అది వెనక వరస దాకా వెళ్ళి వచ్చింది. వచ్చేసరికి బల్ల గుడ్డ మీద, కొందరి వేళ్ళ మీద తుప్పు రంగు అంటుకుంది. "సాయంత్రం పూట ఆ మెట్ల మీద కూర్చునేది ఎవరో మీకు తెలుసు" అని మాత్రం అన్నాను. వాచ్‌మన్ కూతురు అక్కడే హోంవర్కు చేసుకుంటుందని అందరికీ తెలుసు. ఆ పిల్ల పేరెత్తి జాలి అడుక్కుంటే సభ ముఖం చిట్లించేది.

జాలి, తనకూ జరగవచ్చుననిపించే కష్టం దగ్గరలో కనబడినప్పుడే కలుగుతుంది. దూరపు విపత్తులను తెచ్చి చూపడం వృథా. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానును ఈ ఊళ్ళో ఎవరూ మరచిపోలేదు, అందుకే దాన్ని ప్రతి ప్రతిపాదనకూ ముడిపెట్టే అలవాటు మన సంఘాల్లో బాగా పెరిగింది. కిటికీ అద్దాల గురించి మాట్లాడేటప్పుడు అది తగిన ఉదాహరణ. లిఫ్టు కాంట్రాక్టు గురించి మాట్లాడేటప్పుడు కాదు.

సిగ్గును మాత్రం సభలో వాడకండి. "పక్క భవనంవాళ్ళు ఎప్పుడో కట్టారు, మనకే చేతకాదు" అన్న మాటకు తలలు వంగుతాయి, చేతులు లేవవు.

6. అదను చూసుకోండి

బీముల మాట జనవరిలో ఎత్తితే ఎవరికీ పట్టదు. జూన్‌లో వానలు మొదలయ్యాక ఎత్తితే పనివాళ్ళు దొరకరు, పైగా ఆ నెలలో ఇళ్ళలో స్కూలు ఫీజుల గొడవ ఉంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఎత్తడం మంచిది. రోజు విషయానికి వస్తే, ఆదివారం ఉదయం ఫిషింగ్ హార్బరుకు చేపలకని బయల్దేరినవారిని ఆపి సమావేశం పెట్టవద్దు. సింహాచలం చందనోత్సవం రోజును, మధురవాడ స్టేడియంలో మ్యాచి ఉన్న సాయంత్రాన్ని కూడా విడిచిపెట్టండి. శనివారం రాత్రి భోజనాలకు ముందు గంట మా భవనంలో బాగా కుదిరింది.

7. సభలో చెప్పే క్రమం

విషయం అందరికీ తెలిసిన సభలో పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. స్వాగతం, పరిచయం, భవన చరిత్ర తీసేసి పన్నెండు నిమిషాలలో ముగిసేలా ఇలా పేర్చుకోండి.

ఒకటి: కోరిక. ఏమి అడగబోతున్నారో మొదటి అర నిమిషంలోనే చెప్పేయండి. డబ్బు ఎంతో దాచిపెట్టి చివర బయటపెడితే వినేవారు ఆసాంతం ఆ అంకె కోసమే ఎదురుచూస్తూ మిగిలినది వినరు.

రెండు: బాకీ. అసలు సందేహానికి ముందే జవాబు చెప్పండి. నా విషయంలో అది రంగుల లెక్క.

మూడు: జరిగినది. మూడు నాలుగు వాక్యాల్లో, తేదీల వరుసలో చెప్పండి.

నాలుగు: హేతువులు. వీటిని బలమైనది, దానికన్నా తక్కువది, అన్నిటికన్నా బలమైనది అన్న వరుసలో పెట్టమని ప్రాచీన రోమన్ వక్తృత్వ శాస్త్రవేత్తలు సలహా ఇచ్చారు. బలహీనమైనదాన్ని చివర పెడితే సభ దాన్నే గుర్తుంచుకుని దాని మీదే ప్రశ్నలు వేస్తుంది.

ఐదు: ఎదుటివారి వాదం, దానికి సమాధానం.

ఆరు: ముగింపు. పొట్టి వాక్యాలు చాలు. "చెప్పాను. లెక్కలు బోర్డు మీద ఉన్నాయి. పెచ్చు బల్ల మీద ఉంది. ఇక మీ నిర్ణయం." ఈ మాటన్న తరువాత మళ్ళీ మొదలుపెట్టకండి. మౌనం ఇబ్బందిగా అనిపించి నోరు జారేవారే ఎక్కువ.

8. ఎదురు మాటకు జవాబు

పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, అవతలివారు చెప్పినదానికన్నా బాగా చెప్పగలిగితేనే సిద్ధాంతం, అంటే మీ జవాబు, చెప్పండి. "మాస్టారూ, మీరనేది ఇదీ, బిల్డరు నాసిరకం సరుకు వాడాడు కాబట్టి ఖర్చు అతనిదే కావాలి, అంతేనా?" అని అడిగి, ఆయన "అదే" అన్న తరువాతే జవాబు మొదలుపెట్టాలి.

మీకన్నా ముందు మాట్లాడినవారు సభను ఆకట్టుకుని ఉంటే మీ క్రమం మార్చుకోండి. వారి మాటకు ముందు జవాబిచ్చి, ఆ తరువాత మీ ప్రతిపాదనకు రండి. వారి మాట మనసుల్లో నిండి ఉండగా మీ మాటకు చోటుండదు.

వాదం చేసేవారికీ, జల్పం చేసేవారికీ, వితండం చేసేవారికీ తేడా తెలుసుకోవడం కూడా అవసరం. వాదం చేసేవారు నిజం కావాలంటారు, జల్పం చేసేవారు గెలుపు కావాలంటారు, వితండం చేసేవారు తమ పక్షమంటూ ఏదీ పెట్టరు, మీది పడగొడితే చాలంటారు. వితండవాదిని గుర్తించే ప్రశ్న ఒకటే: "అయితే మీ ప్రతిపాదన ఏమిటండీ?" దీన్ని ఒక్కసారి, మర్యాదగా అడగండి. జవాబు లేకపోతే ముందుకు సాగండి. రెండోసారి అడిగితే మీరూ జల్పంలోకి దిగినట్టే.

9. అర్జీలోనూ ఇంట్లోనూ మార్చుకోవలసినవి

గాజువాక కాలువ ప్రశ్నకు జవాబు ఇది. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు తీసుకెళ్ళే అర్జీని చదివే అధికారికి మీ వీధి తెలియదు, మీరూ తెలియదు, చేతిలో ఇంకా ఎన్నో అర్జీలుంటాయి. అందుచేత ఒక పేజీ, ఒకే కోరిక. మొదటి వాక్యంలో వార్డు, వీధి, గుర్తు పట్టే చోటు, కాలువ ఎంత మేర పూడిందో రాయండి. ఇక్కడ నమ్మకం కొలతల్లోంచి, తేదీల్లోంచి, వీధివారి సంతకాల్లోంచి వస్తుంది. వెనకటి అర్జీ రసీదు ఉంటే జత చేయండి. కోపం కాగితం మీద కనబడనీయకండి. "మీరు పట్టించుకోలేదు" అన్న వాక్యాన్ని కొట్టేసి "ఫలానా తేదీన ఇచ్చిన అర్జీ రసీదు ఇందుతో జతపరిచాను" అని రాయండి. చెప్పదలచినది అందులో ఉంది.

తండ్రిని ఒప్పించాలనుకున్న అమ్మాయికి నేను రాసినది కూడా ఇదే దారిలో ఉంది. ఇంట్లో హేతువు అన్నిటికన్నా చివర రావాలి. వయసు మళ్ళినవారు నష్టాలు చూసి ఉంటారు కాబట్టి ప్రతిదాన్నీ శంకిస్తారు. వారికి లాభాల జాబితా ఇస్తే శంక పెరుగుతుంది. "నాన్నా, నేను వెళ్ళాక ఏమవుతుందని మీకు భయం?" అని అడిగి, ఆయన చెప్పినవన్నీ విని, ఆ రోజు జవాబు చెప్పకుండా లేచిపొమ్మన్నాను. రెండు రోజుల తరువాత ఒక్కొక్క భయానికి ఒక్కొక్క ఏర్పాటు చెప్పాలి: హాస్టలు చిరునామా, ఆ ఊళ్ళో ఉన్న పిన్ని ఫోను నంబరు, నెలలో ఏ వారం ఇంటికి వస్తుందో.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

పొరపాటు: ఒప్పుకున్న విషయాన్ని మళ్ళీ నిరూపించడం. సవరణ: "ఇందులో ఎవరికైనా సందేహం ఉందా?" అని అడిగి, లేదంటే వెంటనే తరువాతి మాటకు వెళ్ళడం.

పొరపాటు: సభలో ఒకరిని ఒంటరిని చేసి సమాధానం చెప్పమనడం. సవరణ: ఆ మాట ముందు రోజు వారి ఇంటికి వెళ్ళి మాట్లాడటం. నలుగురి ముందు మాట మార్చుకోవడం ఎవరికైనా కష్టమే.

పొరపాటు: ముందే ఒప్పుకున్నవారి చప్పట్లు చూసి సభంతా ఒప్పుకుందనుకోవడం. సవరణ: తటస్థంగా కూర్చున్న ముగ్గురిని గుర్తుపెట్టుకుని వారి ముఖాలు చూస్తూ మాట్లాడటం.

పొరపాటు: వాట్సాప్ గ్రూపులో వాదించడం. సవరణ: గ్రూపులో తేదీ, చోటు, లెక్కల కాగితం తప్ప ఏమీ పెట్టకపోవడం.

సమావేశానికి ముందు రోజు రాత్రి సరిచూసుకోవలసినవి:

- కోరిక ఒక్క వాక్యంలో రాసి ఉందా?
- అసలు సందేహం ఏ ప్రశ్న దగ్గర ఉందో తెలిసిందా?
- నా తప్పు ఏదైనా ఉంటే నేనే ముందు చెప్పానా?
- ఊళ్ళో లేనివారి సమ్మతి లేఖలు వచ్చాయా?
- బల్ల మీద పెట్టడానికి ఒక వస్తువు ఉందా?
- ఎదుటి వాదాన్ని వారి మాటల్లో చెప్పగలనా?
- ముగింపు వాక్యాలు కంఠస్థమయ్యాయా?

మా రెండో సమావేశంలో, వచ్చిన లేఖలతో కలిపి, 24 ఫ్లాట్లలో 19 మంది ఒప్పుకున్నారు. బిల్డరే భరించాలన్నవారు ముగ్గురు చివరి దాకా ఒప్పుకోలేదు, వారి అభ్యంతరాన్ని కూడా మినిట్స్ పుస్తకంలో వారి మాటల్లోనే రాశాం. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. మీరు కూడా ఈ పనిని మరునాటికి వదలకుండా ఆ రాత్రే చేయండి: ఎవరు ఎంత, ఏ తేదీకి ఇస్తారు, చెక్కు మీద ఎవరి సంతకాలు ఉంటాయి, పని ఎప్పుడు మొదలవుతుంది అన్నవి ఒక కాగితం మీద రాసి, సంతకాలు చేయించి, పాత లెక్క అంటించిన చోటనే దాని పక్కన అంటించండి.